నొసలు కదలని నాలుగు నెలలు

ముడతలు కనబడకుండ మొఖానికిచ్చే బొటాక్స్, మా మాటల ముడతల సూది, నేనెన్నడు పట్టలే. ముందుగాల గీ ముచ్చట తెల్సుకోండ్రి. ముంబై పక్కన భివండిల చర్మం దవాఖానల ఇరవై ఎనిమిదేండ్లు సిస్టర్ పని జేసిన. ఆ సూది ఇచ్చేది డాక్టర్. మందు సీసా ఫ్రిజ్‌ల నుంచి తీసుడు, మంచుగడ్డ బట్టల సుట్టి నొసటికి పెట్టుడు, సూది ఏసినంక నాలుగు గంటలు పండుకోకు, రుద్దకు అని చెప్పుడు, గివి నా పనులు. కొత్తగ సిస్టర్ పనిల చేరిన మీరు గూడ గివే నేర్చుకుంటరు, వారం రోజులల్ల చేతికొస్తయి.

కష్టం వేరే కాడ ఉన్నది. సూది కోసం వచ్చినోళ్ళు డాక్టర్ గదిల నుంచి బయటికొచ్చి, మెల్లగ మీ దగ్గరికి జరిగి, "సిస్టర్, నువ్వైతే ఏం జేస్తవ్? వేయించుకోవాల్నా వద్దా?" అని అడుగుతరు సూడు, గదీ కష్టం. ఇన్నేండ్లైనా ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్తున్న, లేదు. ఉన్నదని చెప్పేటోళ్ళను నమ్మకుండ్రి.

నా మేనకోడలు పోయినేడు గిసోంటి దవాఖానలనే చేరింది. "అత్తా, నువ్వు చూసింది జర రాసియ్యి, మాకు పనికొస్తది" అన్నది. రాస్తున్న. రిజిస్టర్లు, సర్టిఫికెట్లు, జీతం పెరుగుడు గివేం రాయను. నాకు అర్థమైన నాలుగు ముచ్చట్లు, అర్థంగాని ఒక ముచ్చట రాస్త. అర్థంగానిదే పెద్దగుంటది, ఓపిక పట్టుండ్రి.

నేను నవ్వినందుకు

నేను చేరినప్పుడు మాది ఒక ముసలి డాక్టర్ సాబు దవాఖాన. ఆయన మరాఠీ మనిషి. అప్పుడు ముడతల సూది గిట్ల ఏం లేదు. వచ్చేటోళ్ళల్ల సగం మందికి తామరే. సాంచలు, అంటే పవర్‌లూమ్‌లు నడిచే కారఖానాల ఎంత ఉక్కపోత ఉంటదో మీకు ఎర్కనే. పన్నెండు గంటలు చెమటల నిలబడితే తొడలు, నడుము ఒరిసి మంటలు. గోక్కుంట వచ్చేటోళ్ళు, మలాం పట్టుకపోయేటోళ్ళు.

ఒకరోజు నలభై దాటిన ఒకామె తామరకు వచ్చింది. మా తెలుగామెనే. మందు రాయించుకొని లేచి, తలుపు కాడ ఆగి, "డాక్టర్ సాబును అడుగు, కండ్ల పక్కన గీ ముడతలు పోవుటానికి ఏమన్న ఉన్నదా?" అన్నది. నాకు నవ్వాగలే. "ఏందే, మల్ల లగ్గం జేసుకుంటవా?" అన్న. ఆమె గూడ నవ్వింది. నవ్వుకుంటనే పోయింది. మంచి ముచ్చటైందనుకున్న.

సాబుకు తెలుగు రాదు. గని నా నవ్వు చూసిండు, ఆమె మొఖం చూసిండు. ఆమె పోంగనే నా మీద లేసిండు. "ఆమె ఏమడిగిందో నాకు తెల్వదు, గని ఎన్నో దినాలు అనుకోని ఇయ్యాల అడిగింది. నువ్వు పండ్లు ఇకిలించినవ్. ఇగ సూడు, ఆమె తామరకు గూడ మన దగ్గరికి రాదు" అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. గింత దానికి గంత తిట్టుడేంది అనుకున్న. కానీ ఆమె మల్ల రాలే. మేముండే కామత్‌ఘర్ సందులల్ల ఎదురువడితే కొంగు మొఖం మీదికి లాక్కొని పోయేది. అప్పటి సంది ఎవ్వరేం అడిగినా నవ్వలే. అరవై ఏండ్లామె లిపిస్టిక్ గురించి అడిగినా నవ్వలే. మీరు గూడ నవ్వకుండ్రి.

అద్దాలు పెట్టుకున్నాయన

సాబు ఒళ్ళు సుస్తై మానేసినంక ఆయన కోడలు వచ్చింది. పుణెల సదివింది, మంచి డాక్టర్. ఇగ మేడం అంటే నేను గీమె గురించి చెప్తున్ననుకోండ్రి. ముడతల సూది తెచ్చింది గూడ ఈమెనే. మొదట్ల "భివండిల ఎవ్వరు వేయించుకుంటరు మేడం?" అన్న. నాదే తప్పైంది. సేఠ్‌ల పెండ్లాలు వచ్చిన్రు, బడి పంతులమ్మలు వచ్చిన్రు, బ్యాంకుల పనిజేసేటామె వచ్చింది. అందరు నలభైకి యాభైకి నడుమోళ్ళే. అందరు దుపట్ట మీదికి కప్పుకోని, ఇంట్ల చెప్పకుండనే వచ్చిన్రు.

ఒక మొగాయన గూడ వచ్చిండు. యాభై మూడో నాలుగో ఉంటయి. ఒక ముకద్దం కింద, అంటే కారఖానా మీద పెత్తనం చేసేటోని కింద, సాంచలు నడుపుతడు. జుట్టుకు నల్లరంగు ఏసుకున్నడు గని నొసటి మీద గీతలు కనవడ్తనే ఉన్నయి. "ముకద్దం పడుసోళ్ళకే సాంచలిస్తుండు సిస్టర్. నన్ను చూసి, నీకు తెగిన పోగు కనబడ్తదా అంటుండు" అన్నడు. మేడం ఆయన కండ్లు చూసింది. పేపరు దూరం పెట్టి సదువుతుండు. "నీకు సూది వద్దు, కండ్లద్దాలు గావాలె" అని మంచిగ సమజ్ చేసి పంపింది. మేమిద్దరం అబ్బ, ఎంత మంచి పని చేసినం అనుకున్నం.

అద్దాలు పెట్టుకోని కారఖానాకు పోయిండట. "చూసినవా, కండ్లు పోయినయి" అని ముకద్దం ఆయన సాంచలు వేరేటోనికిచ్చిండు. ఈ ముచ్చట ఆయన తమ్ముడు చెప్పిండు. చెప్పేటప్పుడు మమ్ములను ఒక్క మాట గూడ అనలే, అదే నాకు ఇంక ఎక్కువ బాధైంది. సూది ఏస్తే ఆ మనిషి నౌకరి నిలబడునా? తెగిన పోగు కనబడకుండ ఎన్ని దినాలు నడుపును? ఇప్పటికి తెల్వదు. అద్దాలు గావాలన్నది సత్యమే. సత్యం చెప్తే గూడ ఒకని సాంచలు పోయినయి.

"ఇన్నేండ్లున్నవ్ గదా, నువ్వు వేయించుకున్నవా?" అని అందరు అడుగుతరు. లేదు. మేడం రెండుసార్లు కూసో అన్నది. ఒకసారి కుర్సీల కూసున్న గూడ. పెన్సిల్‌తోని నొసటి మీద సుక్కలు పెట్టింది. అద్దంల చూసుకున్న, లేసిన. ఎందుకు లేసినవంటే చెప్పరాదు. భయమా అంటే కాదు. ముడతలంటే ఇష్టమా అంటే, ఛీ, ఎవ్వలకుంటది?

అనసూయ

ఇగ అసలు ముచ్చట. అనసూయ వాళ్ళిల్లు మా గల్లీలనే, మా ఇంటికి నాలుగిండ్ల అవతల. జగిత్యాల దిక్కుది. నన్ను అక్క అంటది. ఆమె పెనిమిటి నర్సయ్య, నన్ను వదినె అంటడు. లగ్గమైన కొత్తల శాంతి నగర్‌ల ఒక కారఖానాల ఆయన సాంచలు నడుపుతుంటే, ఈమె అక్కడనే ఒక మూలకు కూసోని కండెలకు దారం సుట్టేది. ఇప్పుడు ఇద్దరు కల్సి ఎనిమిది సాంచలు కిరాయికి తీసుకోని సొంతంగ నడుపుకుంటున్నరు.

సాంచలు నడిచేటప్పుడు లోపలికి పోయిన్రా ఎన్నడన్న? చెవుల నోరు వెట్టి అరిసినా ఇనబడదు. అందుకే మా సాంచలోళ్ళు మొఖంతోని మాట్లాడుకుంటరు. కనుబొమ్మలు పైకి లేపితే 'ఏమైంది?' అన్నట్టు. నొసలు ముడిస్తే 'తప్పొచ్చింది, ఆపు' అన్నట్టు. కండ్లు మూసి తల పక్కకు వంచితే 'పోనీ, నడువనియ్యి' అన్నట్టు. మా నాయిన గట్లనే, మా ఆయన గట్లనే. ఇంటికొచ్చినంక గూడ గదే అలవాటు. అన్నం పెట్టాల్నా అని నోరు తెరిసి అడిగే ఆడోళ్ళు మా గల్లీల తక్కువ.

నర్సయ్యకు ముప్పై ఏండ్ల మోతకు చెవులు సగం పోయినయి. మిషిని పెట్టుకోమంటే పెట్టుకోడు, నలుగురు చెవిటోడంటరట. అనసూయ ఏమంటున్నదో ఆయన ఆమె మొఖం చూసే తెల్సుకుంటడు.

ఆమెకు నలభై ఆరేండ్లు. కనుబొమ్మల నడుమ రెండు నిలువు గీతలు పడ్డయి. నొసలు ముడవకున్నా ముడిసినట్టే అగుపడ్తది. నర్సయ్య అన్నం ముందట కూసుంటడు, ఆమె దిక్కు చూస్తడు, "గిప్పుడు నేనేం జేసిన?" అంటడు. నీళ్ళిస్తే గదే మాట. చాయ్ ఇస్తే గదే మాట. ఆఖరికి ఆమె దిక్కు చూసుడే బంద్ చేసిండు. తల వంచుకోని తింటడు, చెయ్యి కడుక్కోని చాయ్ హోటల్ కాడికి పోతడు. చూసుడు బంద్ అయితే వాళ్ళ నడుమ మాట బంద్ అయినట్టే గదా.

"అక్కా, నాకు కోపం లేదే. నా మొఖానికున్నది కోపం" అన్నది నా తోని. "గా రెండు గీతలు పోతే ఆయన మల్ల నా దిక్కు సూస్తడేమో. మీ మేడంకు చెప్పవా?"

నా తప్పు

చెప్పిన. తీస్కపోయిన. మేడం అన్నీ అడిగింది, బీపీ ఉన్నదా, నరాల రోగం ఉన్నదా, ఏం గోళీలు మింగుతవ్ అని. నేను తెలుగుల అడిగి హిందీల చెప్తున్న. ఆఖరికి, "ఇంట్ల చెప్పిందా?" అన్నది మేడం. అనసూయ నా దిక్కు చూసి, కండ్లు మూసి, తల పక్కకు వంచింది. పోనీ, నడువనియ్యి. నేను వెంటనే "హా మేడం, చెప్పిందట" అన్న.

గంతే. అబద్ధమాడుతున్న అని గూడ నాకు అనిపియ్యలే. సాంచలోళ్ళ బిడ్డను, సైగ రాంగనే పని చేసిన. ఆమె నోటితోని అబద్ధం చెప్పమనుంటే జర ఆగి ఆలోచించేదాన్నేమో.

ఇంక పెద్ద తప్పు వేరే ఉన్నది. ఈమె పెనిమిటి ఈమె మాట మొఖం చూసి తెల్సుకుంటడు, నొసలు కదలకపోతే ఆయనకు ఏం తెల్వదు అని నేను మేడంకు చెప్పలే. నాకు గది కొత్త ముచ్చట కాదు, పుట్టిన కాన్నుంచి చూస్తున్నదే. రోజు చూసేది ఎవ్వలకు యాదికొస్తది? మేడం నొసలంతకు సూది ఇచ్చింది, కనుబొమ్మల నడుమల, ఆ మీద గూడ.

ఐదారు రోజులకు గీతలు పోయినయి. నొసలు నున్నగ, తళతళ. నేనైతే నా సొంత చెల్లె అందమైనట్టు మురిసిన.

రెండు వారాలకు పగటీలి మా ఇంటికొచ్చింది. వచ్చుడు వచ్చుడే గోడకు ఒరిగి కూసున్నది. కారఖానాల ఒక సాంచ మీద పోగులు తెగినయట. ఆమె చూసింది, అవతలి దిక్కున్న నర్సయ్యకు నొసలు ముడిసి ఆపమన్నది. ముడిసిన అనుకున్నది. నర్సయ్య చూసిండు, మొఖం నిమ్మలంగ ఉన్నది, సరే అనుకోని ఇంకో సాంచ దిక్కు తిరిగిండు. ఆమె సాంచలు దాటుకుంట దాటుకుంట పోయేవరకు సగం తాను గుడ్డ ఖరాబైంది.

"గుడ్డ పోతే పోయిందక్కా" అన్నది. "రాత్రి అన్నం కాడ ఆయన ఏమన్నడు తెలుసా? 'ఏమే, నా మీద కోపం గూడ పోయిందా నీకు?' అన్నడు. 'కోపమన్న ఉంటే నేనొక మనిషినున్న అన్నట్టుండె. గిప్పుడు నేనంటే లెక్కనే లేదు' అన్నడు."

ఏడ్సుడు మొదలువెట్టింది. కండ్ల నుంచి నీళ్ళు కారుతున్నయి, ముక్కు ఎర్రగైంది, నొసలు మాత్రం పెండ్లిల కూసున్నట్టు నున్నగ ఉన్నది. అది చూసి నాకు భయమైంది. నేను చేసిన పనేనాయె గిది అనిపించింది.

లేసి ఆమె ఎంబడే వాళ్ళింటికి పోయిన. నర్సయ్య చెవుల వడేటట్టు నేనే చెప్పిన, గిట్ల సూది ఏయించినం, నీకు చెప్పలే, తప్పు నాది గూడ ఉన్నదని. తిడ్తడనుకున్న. "సూదా? మొఖానికా?" అన్నడు. పెండ్లాం దగ్గరికొచ్చి, బొటనేలు నొసటి మీద పెట్టి, గుడ్డల లోపమున్నదా అని సూసినట్టు అటిటు జరిపిండు. "ఎన్ని దినాలు గిట్ల?" అన్నడు. నాలుగు నెలలన్న. ఇంకేం మాట్లాడకుండ కారఖానాకు పోయిండు.

మేడంకు గూడ మర్నాడు అంతా చెప్పిన. చెప్పకుంటే ఎవ్వలకు తెల్వకపోయేది, గని కడుపుల నిలువలే. మేడం గట్టిగ మాట్లాడే మనిషి కాదు. ఆరోజు కుర్సీల నుంచి లేసి తలుపు మూసింది. "నేను వచ్చినంక గూడ నిన్ను తెలుగు కోసం ఉంచుకున్న అనుకుంటున్నవా? తెలుగు చెప్పేటోళ్ళు సందుకు పది మంది దొరుకుతరు. వీళ్ళు ఇంట్ల ఎట్లుంటరో నాకు తెల్వదు, నీకు తెలుసు. గందుకు ఉంచుకున్న" అన్నది. పిల్లలారా, నా నౌకరిల నేను ఇన్న మాటలల్ల గిదొక్కటి మీరు ఉంచుకోండ్రి.

మల్ల వచ్చింది

మందు దిగిపోయింది. గీతలు మల్ల వచ్చినయి. హమ్మయ్య, పీడ వదిలిందనుకున్న. నొసలు మాట్లాడితే ఇల్లు నడుస్తది అనుకున్న.

ఒకరోజు చూస్తే అనసూయ దవాఖాన మెట్ల మీద. ఎనుక నర్సయ్య. ఆయన బయట బెంచి మీద కూసున్నడు, ఈమె లోపలికొచ్చింది.

"ఏందే, మల్లనా?" అన్న. నా నోరు ఆగలే.

"నాకు తెల్వదక్కా. గందుకే వచ్చిన. నువ్వే చెప్పు, వేయించుకోవాల్నా వద్దా?"

"గింత ఆగమైనంక గూడనా?"

"ఆగమైంది నిజమే. గని ఒక మాట చెప్తే నవ్వవు గదా?" అన్నది. నేను నవ్వుడు ఎప్పుడో మానేసిన అన్న.

"లగ్గమై ఇరవై ఆరేండ్లైంది. ఇన్నేండ్లు నా మొఖం ఆయనకు జవాబు చెప్తనే ఉన్నదక్కా. నేను చెప్పకముందే అది చెప్తది. నాకు చెప్పబుద్ధి లేకున్నా అది చెప్తది. ఆ నాలుగు నెలలు అది ఊకున్నది. లోపల నేనొక్కదాన్నే కూసున్నట్టుండె. ఎంత నిమ్మలంగుండెనో."

"మరి ఆయన?"

"ఆయన పిచ్చోడైండు. చాయ్ హోటల్‌కు పోవుడు బంద్ చేసిండు. నా ఎనుకనే తిరుగుడు. నా నోటి దిక్కు చూస్తడు, చెయ్యి పట్టుకుంటడు, ఇడిసిపెడ్తడు. పాపమనిపించేది. మంచిగ గూడ అనిపించేది. గీతలు మల్ల రాంగనే పాత కతనే, 'గిప్పుడు నేనేం జేసిన' అని తల వంచుకునుడు." కొంగు అంచు మడతలు వెడ్తున్నది. "వేయించుకుంటే ఆయనకు కష్టం. లేకుంటే నాకు. నువ్వు గిన్ని మొఖాలు చూసినవ్, చెప్పు."

ఏం చెప్పాలె? నేను నాలుగు నెలలు తప్పు తప్పు అని మొత్తుకున్నది ఈమెకు పండుగైంది. ఈమెకు పండుగైంది ఆ బెంచి మీదాయనకు చీకటైంది. ఎటు తిప్పి చూసినా నాకు ఒక్క దిక్కు దొరకలే. "నాకు తెల్వదే" అన్న. గంతే అన్న. గని ఈసారి ఒక పని జేసిన. ఆమె చెప్పిందంతా, ఒక్క ముక్క మింగకుండ, మేడంకు చెప్పిన.

మేడం పెన్నుతోని తన నొసటి దిక్కు చూపెట్టింది. "మీద ఇయ్యను. నడుమలనే ఇస్త. కనుబొమ్మలు లేస్తయి, 'ఏమైంది' అని అడగొచ్చు. నొసలు మాత్రం ముడవరాదు. సాంచ ఆపాలంటే చెయ్యి లేపమను, చెయ్యికేమైంది?" అన్నది. అనసూయకు చెప్పిన. తలుపు సందుల నుంచి బయట కూసున్న నర్సయ్యను ఒకసారి చూసింది. "సరే, ఇయ్యమను" అని పోయి కుర్సీల కూసున్నది.

నేను మంచుగడ్డ కోసం బయటికొస్తే నర్సయ్య నా చెయ్యి పట్టుకోని ఆపిండు.

"వదినె, మల్ల నాలుగు నెలలా?"

తల ఊపిన.

"మరి ఆమెకు కోపమొస్తే నాకెట్ల తెలుస్తది?"

ఆయన చెవి కాడికి వంగి, "అడుగు" అన్న.

"ఏమని?"

పరాష్కమాడుతుండేమో అనుకున్న. లేదు, నిజంగనే అడుగుతుండు. ఇరవై ఆరేండ్ల కాపురంల ఆ మనిషి ఒక్కసారి గూడ పెండ్లాన్ని నోటితోని గది అడగలే. చూసుడు, అనుకునుడు, తల వంచుకునుడు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, కోపం గూడ వచ్చింది. "కోపమొచ్చిందా అని అడుగు నర్సయ్యా. అడిగి, చెప్పేదాక ఆగు. నడుమల లేసి పోకు" అన్న.

చెవులు ఇనబడనోళ్ళకు తమ గొంతు ఎంత పెద్దగున్నదో తెల్వదు. "కోపమొచ్చిందా?" అని అక్కడనే అన్నడు. బెంచి మీదున్నోళ్ళంతా ఇటు తిరిగిన్రు. ఒకామె నవ్వింది. ఆయన పట్టించుకోలే. సదువు కంఠస్థం పట్టినట్టు మల్ల ఒకసారి అన్నడు, "కోపమొచ్చిందా?"

నేను మంచుగడ్డ లోపలిచ్చిన, మేడం సూది ఇచ్చింది, జర సేపటికి అనసూయ బయటికొచ్చింది. నొసటి మీద మంచుగడ్డ మూట అదుముకోని ఉన్నది, మొఖం సగం కనవడ్తలే. నర్సయ్య లేసి నిలబడ్డడు. గంత మంది ముందట, కారఖానాల అరిసినట్టు అడిగిండు.

"కోపమొచ్చిందానే?"

ఆమె నిలబడ్డ కాడనే ఆగింది. నా దిక్కు చూడలే, బెంచి దిక్కు చూడలే.

"వచ్చింది" అన్నది. "శానా ఏండ్ల సంది ఉన్నది."

ఆయనకు ఇనబడలే. చెవి ముందటికి పెట్టి "ఆఁ?" అన్నడు. అనసూయ ఆయనను బెంచి మీద కూసోవెట్టి, పక్కకు కూసోని, చెవి కాడికి నోరు తెచ్చి మల్ల మొదటి నుంచి చెప్పుడు షురూ చేసింది. ఆయన తల వంచుకోలే, లేవలే. ఇనుకుంటనే ఉన్నడు.